మూడో హెచ్చరిక దాకా ఆగకండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. ఈ అంకెలు కోనసీమలో చదువురాని వాళ్లకి కూడా నోటికి వచ్చు. మొదటి హెచ్చరిక చెవిన పడిందంటే లంకల్లో ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. పశువుల్ని గట్టు మీదకి తోలతారు, బియ్యం బస్తా అటకెక్కిస్తారు, ముసలివాళ్లని ఎగువనున్న చుట్టాలింటికి పంపేస్తారు. 1986 ఆగస్టు వరద చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీటిని పిల్లలూ చూశారు. అందుకే నది విషయంలో మనం ముందే కదులుతాం.

ఇంట్లో మనిషి మనసు విషయంలో మాత్రం మూడో హెచ్చరిక వచ్చేదాకా కదలడం లేదు. ఐనవిల్లి మండలంలోనే కాదు, కోనసీమ అంతటా ఈ నిర్లక్ష్యం ప్రాణాల మీదకి తెస్తోంది. ఇది మెల్లగా ఆలోచిద్దాంలే అనుకునే సంగతి కాదు కాబట్టే ఈ హెచ్చరిక.

మనసు కుంగుతున్న మనిషి ముందు ఏడుస్తాడనీ, ఎవరితోనైనా గోడు చెప్పుకుంటాడనీ అనుకుంటాం. చాలామంది ఏడవరు, చెప్పుకోరు. ముందుగా జరిగేది మరొకటి. రోజూ చేసే ఒక చిన్న పని ఆగిపోతుంది. తెల్లారేసరికి గుమ్మం ముందు ముగ్గు పెట్టే ఇల్లాలు వారానికోసారి పెడుతుంది, ఆపైన నీళ్లు చల్లి వదిలేస్తుంది. పేపరు చదవడానికి టీ కొట్టు దాకా నడిచే పెద్దాయన నడక మానేస్తాడు. దొడ్లో కరివేప మొక్కకి నీళ్లు అందవు. సాయంత్రమయ్యేసరికి బంతి పట్టుకుని పరిగెత్తే కుర్రాడు గది తలుపు వేసుకుంటాడు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ‘ఏం లేదు, ఓపిక లేదు.’ మొదటి హెచ్చరిక ఇదే. సైరన్ మోగదు, దండోరా వెయ్యరు. పక్కింటి వాళ్ల కంటికి ఆనితేనే అది హెచ్చరిక, లేకపోతే లేదు.

ఐనవిల్లి, మాగాం, నేదునూరు, తొత్తరమూడి, ఏ ఊరి వీధిలోకి వెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. రెండంతస్తుల డాబా, ఇనుప గేటు, గేటు మీద సీసీ కెమెరా. కొడుకు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. కూతురు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటుంది. ఇంట్లో తల్లి ఒక్కతే. కొడుకు రోజూ ఫోన్‌లో ఆ కెమెరా తెరిచి వాకిలి చూసుకుంటాడు. గేటు వేసే ఉంది, దొంగలెవరూ రాలేదు, అమ్మ క్షేమం అనుకుంటాడు. ఆ తెర మీదే, గేటుకి ఇవతల, నెల కిందటి దాకా రోజూ మారుతూ వచ్చిన ముగ్గు ఇప్పుడు లేదన్న సంగతి మాత్రం అతని కంటపడదు. డబ్బు పంపడంలో లోటు చెయ్యని పిల్లలే వీళ్లు. వాళ్లని నిందించడం కాదు. ఏం చూడాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. బాబూ, అమ్మా, ఈ వాక్యాలు ఎక్కడ కూర్చుని చదువుతున్నా సరే, ఈ పూట ఆ కెమెరాలో మీ వాకిలి ఇంకోసారి చూడండి.

చిన్న అలవాట్లని మనం తేలిగ్గా తీసుకుంటాం. మనసు బాగుంటే మనిషి పనిలో పడతాడు, బాగోకపోతే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటే సరి అనేది మన లెక్క. కుంగుబాటు విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. మనిషి ఒక పని మానేసిన రోజున ఆ పని వల్ల కలిగే చిన్న సంతోషం, నలుగురు పలకరించే అవకాశం, ‘ఇది నేను చేశాను’ అనే తృప్తి, మూడూ ఒక్కసారే పోతాయి. దాంతో మనసు ఇంకాస్త దిగుతుంది. దిగిన మనసు ఇంకో పని మానిపిస్తుంది. అలా రోజు కుంచించుకుపోయి మంచానికీ టీవీకీ మధ్య మిగులుతుంది. దీన్ని వెనక్కి తిప్పాలంటే ఉత్సాహం వచ్చేదాకా ఆగకూడదు. ఉత్సాహం లేకుండానే చిన్న పని ఒకటి మొదలుపెట్టాలి. ముందు పని, ఆ వెనక మనసు.

ఇది పెద్దల మాటగా చెప్పి ఊరుకునేది కాదు, పరీక్షకి నిలబడిన సంగతి. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం ఈ పద్ధతినే ప్రయత్నించింది. తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న వాళ్ల దగ్గరకి మానసిక వైద్యులు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు వెళ్లారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిశారు. మానేసిన పనులేమిటో అడిగి, వాటిలో చిన్నది ఎంచుకుని, ఏ రోజు ఏ వేళకి చెయ్యాలో కలిసి నిర్ణయించుకుని, మళ్లీ వచ్చినప్పుడు చేశారా లేదా అని ప్రేమగా అడిగారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకి ఈ సాయం అందిన వాళ్లలో 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు సంరక్షణ మాత్రమే అందిన వాళ్లలో తేరుకున్నది 39 శాతం. ఖరీదైన యంత్రం లేదు, పెద్ద ఆసుపత్రి లేదు. ఓ మనిషి వచ్చి అడగడం, ఓ చిన్న పని మళ్లీ మొదలవడం, అంతే. మన ఊళ్లో ఇది కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి ఏ పనితో మొదలుపెట్టాలి? ఎంత చిన్నదైతే అంత మంచిది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రేపటి నుంచి ఐదింటికి లేచి గంట నడిచి, యోగా చేసి, ఫోన్ ముట్టుకోకుండా ఉంటానని ఒట్టేస్తారు. మూడో రోజుకి మానేస్తారు. మానేశామన్న దిగులు పాత దిగులుకి తోడవుతుంది. కుంగి ఉన్న మనిషికి గంట నడక చెప్పకండి. గేటు దాకా వచ్చి నిలబడమనండి. లేచిన గంటలోపు ఆరుబయట వెలుగులో పావుగంట ఉండమనండి. తెల్లవారి వెలుగు కంటికి తగిలితేనే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకి పడుతుంది. కొబ్బరి చెట్ల నీడలో బతికే వాళ్లకి వెలుగు గురించి చెప్పాలా అనిపించవచ్చు. నిజానికి మన ఇళ్లు తోటల మధ్య చీకటిగానే ఉంటాయి, తలుపులు మూసుకుంటే పొద్దెక్కిన సంగతి కూడా తెలియదు. బయటికి రావాలి. పంట కాలువ గట్టు వెంట పది కొబ్బరి చెట్ల దూరం చాలు. రేపు పన్నెండు చెట్లు. వారంలో 150 నిమిషాలైనా చురుకైన నడక లాంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది చేరుకోవాల్సిన గమ్యం, మొదటి రోజు అడుగు కాదు.

ఆ పని ఒంటరిగా చేసేది కాకుండా ఇంకో మనిషి తగిలేదిగా ఉంటే రెట్టింపు మేలు. పాలు గుమ్మంలోకి తెప్పించుకోకుండా పాల కేంద్రం దాకా వెళ్లి తెచ్చుకోవడం. కూరలు ఫోన్‌లో చెప్పి తెప్పించుకునే బదులు కొట్టు దాకా వెళ్లి వంకాయ ధర మీద నాలుగు మాటలాడటం. మన ఐనవిల్లికి సిద్ధి వినాయకుడి గుడి ఉండటం వరం. సంకటహర చతుర్థికీ, చవితికీ పై ఊళ్ల నుంచి కార్లు కట్టుకుని జనం వస్తారు. ఊళ్లో వాళ్లలో కొందరు మాత్రం ఎప్పుడూ ఉండే స్వామే కదా అని నెలల తరబడి గడప దాటరు. రోజూ ఒక్క ప్రదక్షిణ చెయ్యండి. నమ్మకం ఉన్నవాళ్లకి అది భక్తి. ఒంటికి నడక, దారిలో నలుగురి పలకరింపు మాత్రం అందరికీ దక్కుతాయి. చర్చికి వెళ్లేవాళ్లు చర్చికి, మసీదుకి వెళ్లేవాళ్లు మసీదుకి. నమ్మకం లేనివాళ్లకి గ్రంథాలయం, కాలువ గట్టు ఉన్నాయి. మనిషి మొహం చూసే చోటికి రోజుకోసారైనా చేరడం ముఖ్యం.

ఫోన్ గురించి గట్టిగానే చెప్పాలి. పక్కలో పడుకుని రీల్స్ చూస్తూ ఒంటిగంట దాటించడం ఇప్పుడు కుర్రకారుకే పరిమితం కాలేదు. అరవై దాటిన అమ్మమ్మలు కూడా చేస్తున్నారు. నిద్ర తగ్గితే మరునాడు చిన్న మాటకే మనసు విరుగుతుంది, చిరాకు పెరుగుతుంది, పగలు కునుకు తీస్తారు, మళ్లీ రాత్రి నిద్ర రాదు. పడుకునే గదిలో ఛార్జర్ ఉంచకండి. ఫోన్ సావిట్లో పెట్టి పడుకోండి. దూరాన ఉన్న పిల్లల ఫోన్ వస్తుందేమోనన్న భయం ఉంటే గంట గట్టిగా పెట్టుకోండి, మోగితే సావిట్లోంచైనా వినపడుతుంది. ఈ ఒక్క మార్పు ఇవాళ రాత్రే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు.

మగవాళ్ల సాయంత్రాల సంగతి ఇంకా ప్రమాదకరం. కొబ్బరి ధర పడిపోయి అంబాజీపేట నుంచి వట్టి చేతులతో వచ్చిన రైతు, దింపుకి పిలిచే వాళ్లు లేక ఖాళీగా ఉన్న కార్మికుడు, పై ఊరు వెళ్లి అప్పులతో తిరిగొచ్చిన కుర్రాడు, వీళ్లెవరూ ‘మనసు బాగోలేదు’ అనే మాట నోటంట రానివ్వరు. సీసా తెరుస్తారు. మందు తాగితే నిద్ర పడుతుందనుకుంటారు. పడుతుంది, నడిరాత్రి దాటేసరికి తెగిపోతుంది. తెల్లారేసరికి మనసు ముందటి కంటే బరువెక్కుతుంది. దిగులుకి మందు తాగడమంటే దిగులుని పెంచుకోవడమే. తాగే వాడిని తిట్టడం మనకి బాగా వచ్చు. అతను ఏ పని మానేశాక ఈ అలవాటు మొదలైందో అడిగిన వాళ్లు మాత్రం తక్కువ.

వరద రోజుల్లో ఇదంతా ఇంకా ముదురుతుంది. గౌతమి పొంగి లంక ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నప్పుడు రోజూ ఉండే క్రమం మొత్తం ఒక్కసారిగా తెగిపోతుంది. పడవ మీద బియ్యం వస్తాయి, కందిపప్పు వస్తుంది, మంచినీళ్లు వస్తాయి. నీరు తీశాక ఒండ్రు ఎత్తిపోసుకునే హడావిడిలో, పాడైపోయిన అరటి తోటని చూసి మాట పడిపోయిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించే వాళ్లుండరు. వరద సాయం జాబితాలో ఈ పని కూడా చేరాలి. నీరు తీసిన వారంలో ఇంటింటికీ వచ్చే వాళ్లు ఎకరాల లెక్కతో పాటు ‘నిద్ర పడుతోందా, ఇంత తింటున్నారా’ అని కూడా అడగాలి.

పిల్లల విషయానికి వస్తే ఐనవిల్లి వాళ్లకి ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. పరీక్షల ముందు మన గుడిలో పెన్నులు స్వామి దగ్గర పూజ చేసి విద్యార్థులకి పంచుతారు. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు ఆ పెన్ను కోసం వస్తారు. పరీక్ష రాసే చేతికి ధైర్యం ఇవ్వడం గొప్ప సంగతే. కానీ పరీక్ష రోజు కంటే ఫలితాల రోజు కఠినమైంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫలితాలొచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పోయినట్టు వార్తలొచ్చాయి. ఒక్క కారణంతో ఎవరూ ప్రాణం తీసుకోరు. మార్కులు చివరి దెబ్బ మాత్రమే. అంతకుముందు నెలల తరబడి ఆటలు మాన్పించాం, స్నేహితుల్ని మాన్పించాం, చుట్టాలింటికి వెళ్లడం మాన్పించాం, నిద్ర తగ్గించాం. అంటే పిల్లల్ని నిలబెట్టే చిన్న అలవాట్లన్నీ మన చేత్తోనే, మంచికే అనుకుని, ఊడబెరికాం. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒకటే మనవి: రోజుకి అరగంట ఆట, ఏడు గంటల పైన నిద్ర, ఇంట్లో అందరూ కలిసి ఒక్క పూట భోజనం, ఈ మూడింటినీ పరీక్షల నెలలో కూడా ఆపకండి. ఫలితాల వారంలో పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పక్కింటి పిల్లాడి మార్కులు ఆ రోజు మన ఇంట్లో వినపడకూడదు. పెన్ను కోసం వచ్చిన తల్లిదండ్రులకి ఆ పెన్నుతో పాటే ఈ నాలుగు మాటలు అచ్చేసిన చీటీ ఒకటి ఇస్తే ఎంత బాగుంటుంది! ఆలయం వారు, దాతలు ఆలోచించాలి.

ఇంతవరకూ చెప్పింది మొదటి హెచ్చరిక వేళ చెయ్యాల్సిన పని. చిన్న అలవాట్లు అన్నింటికీ మందు కావు. ఇది అంతే గట్టిగా చెప్పకపోతే పాపం చేసినట్టవుతుంది. రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర గానీ ఆకలి గానీ బాగా మారిపోవడం, నేనెందుకూ పనికిరానన్న మాట కనిపిస్తే రెండో హెచ్చరిక దాటినట్టే. అప్పుడు ‘కాస్త నడువు, అదే పోతుంది’ అనడం క్రూరత్వం. డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాలి. మీ ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకి చూపించి, పెద్ద వైద్యం కావాలంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ నెలలు గడపకండి. మొక్కు తీర్చుకోండి, ఎవరూ వద్దనరు. అదే రోజు డాక్టరు దగ్గరకి కూడా వెళ్లండి. 2015, 2016 సంవత్సరాల్లో బెంగళూరు నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, వాళ్లలో అత్యధికులకి వైద్యం అందడం లేదు. డాక్టర్లు తక్కువన్నది ఒక కారణం. ఊరేమనుకుంటుందోనన్న సిగ్గు ఇంకో కారణం. ఆ సిగ్గుని పోగొట్టడం మన చేతిలోనే ఉంది.

చావు మాట నోట రావడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ‘ఇంక మీకు బరువు ఉండదులే’ అనడం, ఇన్నాళ్ల దిగులు తర్వాత అకస్మాత్తుగా ప్రశాంతంగా మారడం, ఇవి మూడో హెచ్చరిక. ఇంక గంటల లెక్కే. ఆ మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, కలుపుమందులు ఇంట్లోంచి తీసేసి తాళం వేసిన చోట పెట్టండి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే గుండె బరువు దిగుతుంది. 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసవుతుందేమోనని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది, శిక్షించమనదు.

డాక్టర్లు తక్కువైన చోట ఊరి మనుషులే ఎలా ఆదుకోగలరో చూడండి. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. దేశం మొత్తానికి ఆయనలాంటి వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. ఆయన దగ్గర చూపించుకుంటున్న ఓ యువతి బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆసుపత్రికి రాలేకపోయి, ప్రాణం పోగొట్టుకుంది. ఆ దెబ్బతో ఆయన 2006లో హరారేలో ఊరి బామ్మలకి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టారు. బామ్మ వింటుంది, అడుగుతుంది, ఒక్క సమస్యకి ఒక్క చిన్న అడుగు ఆలోచించేలా చేస్తుంది. ఆ బల్లల మీద కూర్చున్న వాళ్లలో కుంగుబాటు బాగా తగ్గిందని 2016లో పరిశోధన తేల్చింది. అక్కడ బల్ల కొత్తగా చెయ్యించాల్సి వచ్చింది. మనకి ప్రతి పాత పెంకుటింటి ముందూ అరుగు ఉండేది. కొత్త ఇళ్లకి అరుగులు తీసేసి గేట్లు పెట్టుకున్నాం. ఇల్లు కట్టుకునే వాళ్లు మేస్త్రీకి చెప్పి గోడకి బయటివైపు రెండడుగుల అరుగు వేయించండి.

ఊరిగా చెయ్యాల్సింది కూడా ఉంది, అది ఈ నెలలోనే మొదలవ్వాలి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లెవరో, తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలెవరో ప్రతి వీధిలో అందరికీ తెలుసు. ఆశా కార్యకర్త, సచివాలయం సిబ్బంది, డ్వాక్రా అక్కలు కలిసి కూర్చుంటే ఒక్క పూటలో ఆ పేర్లు రాసుకోవచ్చు. ఒక్కో పేరుకి వీధిలోనే ఒక మనిషి బాధ్యత తీసుకోవాలి. వారానికి రెండుసార్లు గుమ్మం తట్టడమే ఆ బాధ్యత. పాలు పోసే వాళ్లకి, పేపరు వేసే కుర్రాడికి కూడా చెప్పి ఉంచండి. నిన్నటి పేపరు ఇవాళ కూడా గుమ్మంలోనే పడి ఉంటే పక్కింటికి చెప్పి వెళ్లాలి. 14416 అంకె గుడి దగ్గర, కోటిపల్లి రేవుకి వెళ్లే దారిలో, స్కూలు గోడ మీద, ఎరువుల కొట్టు తలుపు మీద పెద్ద అక్షరాల్లో రాయించండి. రంగు డబ్బా ఖర్చు తప్ప ఏమీ కాదు.

వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక చాలామంది ఆగిపోతారు. పెద్ద మాటలు అక్కర్లేదు. ‘ఏవండీ మేష్టారూ, నాలుగు రోజుల్నుంచీ కనపడ్డం లేదు, ఒంట్లో బాగానే ఉందాండీ?’ అనండి. ‘ఆయ్, బాగానే ఉందండి’ అని లోపల్నుంచి వినపడుతుంది. అక్కడితో వెనక్కి రాకండి. ‘అయితే రండి, కొట్టు దాకా వెళ్లొద్దాం, నాకూ తోడుంటుంది’ అనండి. రాకపోతే కాసేపు అక్కడే కూర్చోండి. సలహాలు ఇవ్వకండి, మీ కష్టాలతో పోల్చకండి, ధైర్యంగా ఉండమని చెప్పి లేచిపోకండి. రేపు ఇదే వేళకి వస్తానని చెప్పి, రేపు అదే వేళకి వెళ్లండి. రేపు కూడా రాననొచ్చు. ఎల్లుండి కూడా వెళ్లండి. వారం గడిచినా మనిషి గడప దాటకపోతే ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని వెళ్లండి, అప్పటికీ కదలకపోతే ఆ ఇంటి నుంచే 14416కి ఫోన్ కలిపి పెద్దాయన చేతికివ్వండి.